మేక ఏడుసార్లు మేసిన చెట్టు

ఇసుక తప్ప మరేమీ లేని చోట కూడా రాజులుంటారు. ధన్వసేనుడు అలాంటి రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు: చంద్రధరుడు, సూర్యధరుడు, భూధరుడు. ఊరికి ఒకటే బావి. చెట్టు మాత్రం ఒక్కటీ లేదు.

దానికి కారణం క్షారముఖుడనే మాంత్రికుడు. మొలిచిన ప్రతి మొక్కనూ వాడు మాడ్చేసేవాడు. వాడి ప్రాణం వాడి భుజం మీది చిలకలో ఉంది. అది భుజం విడిచి చెట్టుకొమ్మ మీద వాలితే వాడు ఇసుకైపోతాడు. ఈ సంగతి వాడికీ చిలకకూ తప్ప ఎవరికీ తెలియదు. చెట్టే లేని దేశంలో చిలక ఎక్కడికి పోతుంది? అందుకే వాడు దానికి పంజరం కూడా చేయించలేదు.

ఒకరోజు వాడు కొలువుకు వచ్చి, "ఈ ఊరు నాకు కావాలి. ఖాళీ చెయ్యండి" అన్నాడు.

రాజు తల వంచుకున్నాడు. చిన్నకొడుకు భూధరుడు వంచుకోలేదు.

"పోము" అన్నాడు.

"పోక ఏం చేస్తావురా? చెట్లు పెంచుతావా?"

"పెంచుతాం."

మాంత్రికుడు పడీపడీ నవ్వాడు. "అయితే అన్నదమ్ములు తలా ఒకటి నాటండి. మూడు ఎండాకాలాలు గడువు. ఒక్కటి బతికినా ఊరు మీదే. లేదంటే మూటలు సర్దుకోండి."

పెద్దవాడు నదీతీరం నుంచి పూలతో ఉన్న సంపెంగ తెచ్చాడు. రెండోవాడు కాయలతో ఉన్న మామిడి తెచ్చాడు. భూధరుడు ఏడు ఇసుక దిబ్బలు దాటి, మాంత్రికుడి మంత్రం పారని చోటికి వెళ్లాడు. ఏడో దిబ్బ వెనక బీరమ్మ అనే అమ్మాయి మేకలు కాస్తోంది. పక్కనే ఒక ముళ్ల చెట్టు, దాని కింద ఒక ముసలి మేక.

"ఏం చెట్టిది?"

"జమ్మి" అంది బీరమ్మ.

"ఎండకు ఆగుతుందా?"

ఈసారి మేక జవాబు చెప్పింది. "ఎండ మాట అటుంచు నాయనా. చిన్నప్పుడు దీన్ని నేనే ఏడుసార్లు మొదలంటా మేశాను. ఏడుసార్లూ చిగురించింది. ఇంత పొగరు నేనెక్కడా చూడలేదు."

భూధరుడు పక్కనున్న పిల్ల మొక్కను తవ్వబోతే బీరమ్మ ఆపింది. "పైన జానెడుంటే కింద నిలువెత్తు వేరుంటుంది. తెగితే చస్తుంది. గింజలు పట్టుకెళ్లు."

"మంచి గింజలెక్కడ దొరుకుతాయి?"

"నా వెనకాల చూడు" అంది మేక. "నా పొట్ట దాటొచ్చిన గింజ మొలవకుండా ఉండదు."

రాజకుమారుడు మేక పెంటికలు ఏరి పట్టు ఉత్తరీయంలో మూటగట్టాడు. బీరమ్మకు నవ్వాగలేదు. "నేనూ వస్తాను. తవ్వడమే రానివాడివి, పెంచడమేం వస్తుంది?"

మొదటి ఎండాకాలం మాంత్రికుడు వడగాలి వదిలాడు. సంపెంగ మాడిపోయింది. జమ్మి జానెడు పెరిగింది. రోజూ పోసే నీళ్లను బీరమ్మ వారానికొకసారి చేసింది, ఆ తర్వాత నెలకొకసారి. అదీ మొక్క మొదలు దగ్గర కాదు, దూరంగా పోసేది.

"చంపేస్తావా దాన్ని?" అన్నాడు భూధరుడు.

"పాలు మాన్పిస్తున్నాను. చంక దిగని బిడ్డకు నడక రాదు."

రెండో ఎండాకాలం వాడు బావి ఎండగట్టాడు. రోజుకు నాలుగు కడవలు తాగే మామిడి నాలుగు రోజుల్లో ఎండింది. జనం ఏడు దిబ్బల అవతల నుంచి నీళ్లు మోసుకొచ్చారు. ఒక్కరూ ఊరు విడవలేదు. జమ్మి మోకాలెత్తు దాటింది.

మూడో ఎండాకాలం చివరి రోజుకు అది మనిషి ఎత్తుంది. మాంత్రికుడు కడవతో వచ్చాడు. తన నీళ్లు తాగిన చెట్టు తన చెప్పుచేతల్లో ఉంటుందని వాడి ఎత్తు.

"పాపం, దాహంగా ఉన్నట్టుంది. పొయ్యనా?"

"అక్కర్లేదు" అన్నాడు భూధరుడు. "దానికి పాలు మాన్పించాం."

వాడు కడవ విసిరికొట్టి, మాట తప్పి, చెట్టును పెకలించడానికి వంగాడు. వంగేసరికి కొమ్మ చిలక ముందుకు వచ్చింది.

"ఇన్నాళ్లూ వేరే చోటు లేక నీ భుజం మీదున్నాను" అంది చిలక, ముళ్ల మధ్యకు ఎగిరి వాలింది.

వాడు దాన్ని పట్టుకోబోయాడు. చేతికి ముళ్లు దిగాయి. ఆ చెయ్యి ఇసుకై రాలింది, తర్వాత భుజం, ఆ తర్వాత తక్కిన మనిషి. బావిలో నీళ్లు ఊరాయి.

ఆ చెట్టు పక్కనే భూధరుడికీ బీరమ్మకూ పెళ్లయింది. మేకను విందుకు పిలిచారు గానీ చెట్టు చుట్టూ కట్టిన గోడ బయటే కట్టేశారు. భూధరుడు అరవై ఏళ్లు రాజ్యమేలాడు.

అన్నలిద్దరూ మళ్లీ సంపెంగా మామిడీ నాటుతామన్నారు. బీరమ్మ వద్దనలేదు.

"ముందు జమ్మి నీడ రానివ్వండి బావగారూ" అంది.

నీడ వచ్చాక నాటారు. రెండూ బతికాయి.