పిల్ల దాచిన చింతపిక్క

ఆశ్రమం నడిపే శేషారత్నమ్మగారికి ఒక అలవాటు ఉండేది. ప్రశ్న పట్టుకుని వచ్చినవాళ్లని ఆవిడ ఊరికే కూర్చోనిచ్చేవారు కాదు. ఆ పూట ఆశ్రమంలో ఏ పని నడుస్తుంటే ఆ పనిలో పెట్టేవారు. ఫణీంద్ర వచ్చేనాటికి ఎండలు ముదిరాయి. ఏడాదికి సరిపడా చింతపండు వసారాలో గుట్టగా పోసి ఉంది. ఆవిడ కత్తిపీట మీద పండు చీరి ఇస్తుంటే అతను పిక్కలు తీసి పళ్లెంలో వేస్తున్నాడు. పిక్క తీసిన పండుకి ఉప్పు పట్టించి జాడీకెత్తాలి.

ఫణీంద్రది పేకాట. సరదాకి కాదు, అదే అతని వృత్తి. పోకర్ కోసమే గోవాలో కాపురం పెట్టి, అక్కడి కాసినోల్లో ఎదుటివాళ్ల మొహాలు చదువుతూ బతుకుతున్నాడు. మంచి ముక్క పడ్డవాడి ఊపిరి ఎలా మారుతుందో, చేతిలో ఏమీ లేకుండా బెదిరించేవాడి వేళ్లు ఎక్కడ తడబడతాయో అతనికి తెలుసు. అతని మొహం మాత్రం ఎవరికీ దొరకదు. ఆ ఆటగాళ్లలో అందుకే అతనికి పేరు.

“నేనెవర్నీ మోసం చెయ్యనమ్మా,” అన్నాడు. “దొంగాట ఆడను. లెక్క, ఓర్పు, అంతే. ఎదుట కూర్చునేవాడు తన ఇష్టంతోనే కూర్చుంటాడు. మరి స్కూల్లో ఎవరైనా అడిగితే నాన్నది కంప్యూటర్ ఉద్యోగమని చెప్పమని మా హరిణికి నేనెందుకు నేర్పాను?”

“చెప్పిందా?”

“రెప్ప కూడా వెయ్యకుండా చెప్పిందట.” అతను తల వంచుకున్నాడు. “నా పని తప్పయితే తప్పనండి, మానేస్తాను. కాకపోతే కాదనండి. దాని మొహం నేను తిన్నగా చూడగలిగితే చాలు.”

“పిక్కకి పండు ఉండిపోతోంది, చూసి తియ్యి,” అన్నారావిడ.

వసారా చివర ఆడుకుంటున్న హరిణి అప్పుడే వచ్చి రెండు గుప్పిళ్లూ తండ్రి ముందు చాపింది. దానికి ఎనిమిదేళ్లు.

“పిక్క ఏ చేతిలో ఉందో చెప్పు నాన్నా!”

“కుడి.” ఉంది. మళ్లీ దాచింది. “ఎడమ.” అదీ నిజమే. పిక్క ఉన్న వైపు దాని కనుబొమ్మ రవంత లేస్తుందని అతను ఎప్పుడో కనిపెట్టాడు.

“ఒక్కసారి ఓడిపోవయ్యా, నీ సొమ్మేం పోయింది?” అంటూ శేషారత్నమ్మగారు ఉప్పు తేవడానికి లోపలికి వెళ్లారు.

అతను నవ్వాడు గానీ ఓడలేదు. తెలిసి తెలిసి తప్పు చెయ్యి చూపించడానికి అతనికి మనసు రాలేదు.

“ఎప్పుడూ నువ్వే గెలుస్తావు. నీకెలా తెలిసిపోతుంది?” హరిణి మూతి ముడిచింది.

“నీ మొహమే చెప్పేస్తోంది. లోపల ఏమున్నా మొహంలోకి రానివ్వకు. అప్పుడు గెలుస్తావు.”

పిల్ల బుద్ధిగా తలూపింది. కొత్త పిక్క కోసం కత్తిపీట పక్క గుట్టలో చెయ్యి పెట్టింది. ఫణీంద్ర పండులోంచి పీచు లాగుతూ అటు చూడలేదు. కాసేపటికి అది మళ్లీ వచ్చి, గుప్పిళ్లు బిగించి నిలబడింది.

ఈసారి కనుబొమ్మ లేవలేదు. పెదవి కదల్లేదు. కళ్లలోకి చూస్తే అక్కడా ఏమీ దొరకలేదు. ఇంత తొందరగా నేర్చేసుకుందే అని అతనికి ముందు ముచ్చటేసింది. పందెంలో చిక్కు పడ్డప్పటిలా చాలాసేపు చూసి, చివరికి “కుడి” అన్నాడు.

“కాదుగా!”

ఉప్పు గిన్నెతో వస్తున్న శేషారత్నమ్మగారు గుమ్మంలోనే ఆగిపోయారు. “గౌను మీద ఆ ఎరుపేమిటి తల్లీ? ఏదీ, చెయ్యి తెరువు.”

ఎడమ గుప్పిట తెరుచుకుంది. అరచేతికి అడ్డంగా కత్తిపీట కోసిన గాటు. పిక్కకి అంటిన గుజ్జు అందులోకి దిగింది. గోటి పక్క గీరుకున్నచోట ఆ పులుపు తగిలితేనే పెద్దవాళ్లు చెయ్యి విదిలించుకుంటారు.

“ఇంత తెగితే చెప్పవేమే!” ఫణీంద్ర చేతిలో పండు పక్కన పడేసి లేచాడు.

“చెబితే నీకు తెలిసిపోతుంది కదా నాన్నా,” అంది హరిణి. “గెలిచానా?”

అతను చెంబుతో నీళ్లు పోసి దాని చెయ్యి కడిగాడు. జేబురుమాలు చుట్టి ముడి వేశాడు. తలెత్తి పిల్ల వైపు చూడడానికి సిగ్గేసింది. ఎలాగో చూశాడు. లోపల ఏదో తెగిపోతోంది గానీ, ఎన్నో ఏళ్ల అలవాటు, మొహం దానంతటదే మూసుకుపోయింది. హరిణి ఆ మొహంలో అటూ ఇటూ వెతికింది.

“కోపం వచ్చిందా నాన్నా?” అని అడిగింది, భయంగా.



శేషారత్నమ్మగారు పళ్లెంలోంచి ఒక చింతపిక్క తీసి, నీళ్లతో కడిగి అతని అరచేతిలో పెట్టారు.

“ఇప్పుడు నువ్వు దాచు నాయనా,” అన్నారు. “పిల్లకి దొరికేలా దాచు.”