గుప్పెడు వాక్కాయలు

సునందుడు ముఖం గంటు పెట్టుకుని కొండెక్కాడు. భిక్షాపాత్రను గురువుగారి ముందు పెట్టి, అటు తిరిగి కూర్చున్నాడు. పాత్ర అడుగున గుప్పెడు ఎండు వాక్కాయలు తప్ప ఇంకేమీ లేవు.

వానలకు వాగు పొంగి ఊళ్ళన్నీ అవతలే ఉండిపోయాయి. ఇవతల ఉన్నది పోలమ్మ అనే ముసలామె గుడిసె ఒక్కటే. ఆ కొండ మీది బౌద్ధ విహారంలో భిక్షువులు మధ్యాహ్నం దాటితే మళ్ళీ తెల్లవారేదాకా ఏమీ తినరు. కాబట్టి గురుశిష్యులిద్దరికీ ఆ రోజుకు అదే భోజనం.

"గూట్లో మూటెడు పెట్టుకుని మనకు గుప్పెడు వేసింది, భంతే. నేను కళ్ళారా చూశాను" అన్నాడు సునందుడు. రేపు ఆ గుమ్మం ముందు పాత్ర బోర్లించి వస్తానన్నాడు. భిక్షువు పాత్ర బోర్లించాడంటే ఆ ఇంటి భిక్ష ఇక ముట్టనని అర్థం. అలా చేస్తే ఆ ముసలామె ఇక నలుగురిలో తల ఎత్తుకోలేదు.

గురువు ధర్మసేనుడు కాయల మీద వేడినీళ్ళు పోసి మూత పెట్టాడు. ఎండువే నమిలేద్దామని శిష్యుడు సణిగినా వినిపించుకోలేదు. ఆకలికి కడుపు నకనకలాడుతోంది సునందుడికి. గురువేమో కళ్ళు మూసుకుని హాయిగా కూర్చున్నాడు.

పొద్దు నడినెత్తికి రాబోతుండగా మూత తీశాడు. ముడుచుకున్న కాయలన్నీ ఉబ్బి ఎర్రగా పైకి తేలాయి. పాత్ర సగానికి పైగా నిండింది. బెల్లం వాసన గుప్పుమంది.

ఇద్దరూ తిన్నారు. పులుపూ తీపీ కలిసిన ఆ నీళ్ళు తాగేసరికి సునందుడికి ఒళ్ళు వెచ్చబడింది. కడుపు నిండింది. ఇంకా రెండు కాయలు మిగిలాయి.

గురువు ఒక కాయ తీసి అతని అరచేతిలో పెట్టాడు.

"గింజ ఉందా?"

లేదు. కాయను చీల్చి, గింజలు తీసి, బెల్లం పాకం పట్టి ఎండబెట్టారు. సునందుడికి పొద్దున చూసిన పోలమ్మ చేయి గుర్తొచ్చింది. నిండా ముళ్ళ గీతలు, వేళ్ళకు వదలని జిగురు మరకలు. చేయి కడుక్కోలేదనుకుని తను పాత్రను కాస్త వెనక్కి లాక్కున్నాడు కూడా.

"వాగు ఎప్పటికి తీస్తుంది?" అని అడిగాడు గురువు.

"నెల పట్టొచ్చు, భంతే."

"మరి ఆ మూట ఎవరికి?"

సునందుడు రోజుకో గుప్పెడు చొప్పున నెల్లాళ్ళకు లెక్క వేసుకున్నాడు. కళ్ళు నీళ్ళతో నిండాయి.

మర్నాడు అతను పాత్రను రెండు చేతులా పట్టుకుని పోలమ్మ గుమ్మం ముందు నిలబడ్డాడు. ఆమె గుప్పెడు వేసింది. ఆమెకు దణ్ణం పెట్టాలనిపించింది అతనికి. కానీ భిక్షువులు గృహస్థులకు మొక్కకూడదు. అందుకని గుడిసె వెనక్కి వెళ్ళి, అక్కడున్న వాక్కాయ పొద ముందు మోకరిల్లి, తల నేలకు ఆనించాడు.

"అయ్యో సామీ, ముళ్ళుంటాయి, జాగర్త" అంది పోలమ్మ.