నస్రీన్ నిలబడిన చోటు

ఒంగోలులో జోగినాథం మాస్టారి దగ్గర బాస్కెట్‌బాల్ నేర్చుకున్నవాళ్లకు ఆయన అలవాటొకటి తెలుసు. ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పరు. ఆయన శిష్యురాలు సువర్చల ఒక బాలికల బడిలో ఆటల టీచరై, తన మొదటి జట్టును తయారు చేసుకుంటూ ఆయన్ను అడిగింది. జట్టును రింగ్ కింద పాయింట్లు చేసేవాళ్ల మీద కట్టాలా, దూరం నుంచి గురిచూసి వేసేవాళ్ల మీద కట్టాలా అని. మాస్టారు జిల్లా పోటీలకు మాత్రం వస్తానన్నారు.

సువర్చల దగ్గర ఇద్దరు గట్టి పిల్లలున్నారు. కొత్తపట్నం నుంచి వచ్చిన గంగాభవాని ఆరడుగులకు రెండంగుళాలే తక్కువ. రింగ్ కింద బంతి అందిందంటే ఇక ఆపడం కష్టం. నస్రీన్ పొట్టిది, పీలగా ఉంటుంది. కానీ దూరం నుంచి వేసిన బంతి వలలో పడాల్సిందే. సెమీఫైనల్లో అవతలి జట్టంతా భవాని చుట్టూ మూగితే, నస్రీన్ బయటి నుంచి ఆరుసార్లు వేసి గెలిపించింది.

ఫైనల్లో నస్రీన్ చెయ్యి కుదరలేదు. ఏడుసార్లు వేస్తే ఏడూ రింగుకు తగిలి బయటపడ్డాయి. గురి తప్పేకొద్దీ, దగ్గర నుంచైనా వేద్దామని ఆమె రింగ్ వైపు జరుగుతూ వచ్చింది. ఆమెను కాసే పసుపు జెర్సీ అమ్మాయి కూడా వెంటే వచ్చి భవానికి అడ్డుపడింది. విరామానికి జట్టు ఎనిమిది పాయింట్లు వెనకబడింది. నస్రీన్ బంతి పట్టుకుంటే చాలు, జనం నవ్వుతున్నారు.

"నన్ను తీసెయ్యండి టీచర్," అంది నస్రీన్ తల వంచుకుని.

సువర్చలకూ అదే సబబనిపించింది. కానీ మాస్టారు వద్దన్నారు. నస్రీన్‌ను దగ్గరికి పిలిచి, కోర్టు మూలన, మూడు పాయింట్ల గీత బయట నిలబడమన్నారు.

"బంతి రాకపోయినా సరే తల్లీ. వస్తే వేసేదానిలాగే నిలబడు."

ఆ పిల్ల అలాగే నిలబడింది. జనం ఈలలు వేస్తున్నా, ఒక్క బంతీ తన దాకా రాకపోయినా, మోకాళ్లు కాస్త వంచి, చేతులు సిద్ధంగా పెట్టుకుని ఆట అయ్యేదాకా నిలబడింది. సెమీఫైనల్ చూసిన పసుపు జెర్సీ అమ్మాయికి ఆమెను వదిలి అడుగు కదిపే ధైర్యం చాలలేదు. లోపల భవానికి ఎదురుగా ఆమెను కాసే అమ్మాయి ఒక్కతే మిగిలింది. భవాని అటు తిరిగి ఒకటి, ఇటు తిరిగి ఒకటి వేస్తూ పోయింది. అంతవరకూ భవానినే చూస్తున్న సువర్చల, మాస్టారు మోచేత్తో తట్టాక మూలకు చూసింది. ఆపైన చూపు తిప్పుకోలేకపోయింది.

మూడు పాయింట్ల తేడాతో గెలిచారు. నస్రీన్ ఖాతాలో సున్నా. అందరూ గంతులేస్తుంటే ఆమె బెంచీ చివర కూర్చుని ఏడుస్తోంది. భవాని తనకిచ్చిన ఉత్తమ క్రీడాకారిణి కప్పు తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది.

"నేనేం చేశానని?" అంది నస్రీన్.

సువర్చల మాస్టారి వైపు చూసింది. ఆయన నస్రీన్ పక్కన కూర్చున్నారు.

"ఇవాళ్టి ఆట చూశాక ఈసారి అందరూ భవాని మీదే పడతారు. ఆమెకు ఒక్క పాయింటూ రాదు. అప్పుడు తను వచ్చి నిన్ను ఇదే మాట అడుగుతుంది. ఏం చెబుతావో ఆలోచించుకో."