వెల్డింగ్ మిషను తొడుక్కున్న చొక్కా

కరీముల్లా మాస్టారికి ఒక అలవాటు ఉండేది. రిపేరుకు వచ్చిన మిషను ఏదైనా సరే, మూత విప్పే ముందు దాన్ని తెచ్చిన మనిషిని కూర్చోబెట్టి, "ఇది మీ దగ్గర ఎక్కడ కూర్చుంటుంది?" అని అడిగేవారు. ఎండ తగులుతుందా, పక్కన ఇంకేం పని జరుగుతుంది, సాయంత్రం దాన్ని లోపల పెట్టేది ఎవరు అని పెళ్ళి సంబంధానికి వాకబు చేస్తున్నట్టు ఆరా తీసేవారు. భీమవరంలో ఇవాళ కరెంటు మిషన్లు బాగుచేసేవాళ్ళలో చాలామంది ఆయన బల్ల దగ్గర పని నేర్చుకున్నవాళ్ళే. ఆయన దగ్గర అన్నీ నేర్చుకున్నారు గాని ఈ అలవాటు ఒక్కటి వదిలేశారు. పెద్దాయనకు కబుర్లంటే సరదా అనుకున్నారు.

ఆ శిష్యుల్లో బాగా చెయ్యి తిరిగినవాడు ఏసుపాదం. సొంతంగా షాపు పెట్టుకున్నాడు. పనిలో ఎంత చురుకంటే, మిషను తెచ్చిన మనిషి ఒక మాట చెప్పి రెండో మాటకు నోరు తెరిచేలోపే మూత విప్పేసేవాడు. "నాకు తెలుసులెండి, ఎల్లుండి రండి" అనేవాడు. ఏసుపాదానికి చెప్పక్కర్లేదు, చూపిస్తే చాలు అని ఊళ్ళో పేరు కూడా వచ్చింది. ఆ పేరు విని అతను లోలోపల పొంగిపోయేవాడు, పొంగని మనిషెవరు?

అలాంటి ఏసుపాదం ఒకరోజు పొద్దున్నే మాస్టారి దగ్గరకు వచ్చి, జేబులోంచి కాలిపోయిన ట్రాన్సిస్టర్లు తీసి బల్లమీద పోశాడు. కొన్ని పగిలిపోయి ఉన్నాయి, కొన్నిటికి ఇంకా మసి వదల్లేదు.

"మాస్టారూ, సరుకు మంచిదే వేశానండి. పని శుభ్రంగా చేశాను. నేను చెప్పిన జాగ్రత్త మిషను తెచ్చిన మనిషి తు.చ. తప్పకుండా పాటిస్తున్నాడు. అన్నీ సరిగ్గానే ఉంటే ఇవి మళ్ళీ మళ్ళీ ఎందుకు చస్తున్నాయండి?"

అవి కాలిన మిషను దుర్గారావు అనే అతనిది. రొయ్యల చెరువుల్లో నీళ్ళను చిలికే చక్రాలకు అతను ఇనప ఫ్రేములు చేస్తాడు. చేత్తో పట్టుకుపోయే ఇన్వర్టర్ వెల్డింగ్ మిషను అది. లోపల పవర్ ట్రాన్సిస్టర్లు కరెంటును కంటికి అందని వేగంతో ఆపుతూ వదులుతూ ఉంటాయి. ఆ పనిలో అవి బాగా వేడెక్కుతాయి, వెనకనున్న ఫ్యాను బయటి గాలిని లాగి వాటిని చల్లబరుస్తుంది. మొదటిసారి అవి కాలినప్పుడు లోపలంతా ఇనప రజను పేరుకుని ఉంది. ఏసుపాదం దాన్ని వేలితో తీసి చూపించి, "దుమ్మే చంపేసింది. దుమ్ము పడకుండా చూసుకోండి" అని గట్టిగా చెప్పి పంపాడు. కొన్నాళ్ళకు దుర్గారావు మళ్ళీ వచ్చి, పని మధ్యలో పసుపు దీపం వెలిగి మిషను ఆగిపోతోందన్నాడు. లోపల వేడి మితిమీరితే పని ఆపించే చిన్న స్విచ్చు బిళ్ళ ఒకటుంటుంది. ఏసుపాదం ఆ బిళ్ళ అడ్డు తప్పించి, దాని తీగలు రెండూ పీకి కలిపి మెలేశాడు. ఇలాంటి బిళ్ళలు ఊరికే నసపెడతాయని ఆ లైనులో చాలామంది చేసే పనే అది. టీ చల్లారేలోపు అయిపోయిన పని కాబట్టి అతనికి మళ్ళీ గుర్తుకు కూడా రాలేదు.

అప్పటినుంచి ఆ మిషను కాలడమే పనిగా పెట్టుకుంది. ఏసుపాదం ట్రాన్సిస్టర్లన్నీ ఒకేసారి మార్చాడు. వాటిని నడిపించే బోర్డు మొత్తం పరీక్షించాడు. ముందు సిరీస్ బల్బు పెట్టి, లోపల షార్టు లేదని తేల్చుకున్నాకే పూర్తి కరెంటు ఇచ్చాడు. తన షాపులో ఎన్ని కడ్డీలు అతికినా మిషను కిక్కురుమనదు. దుర్గారావు షెడ్డుకు చేరిన కొద్ది రోజులకే చస్తుంది.

"నిన్న మళ్ళీ బాగుచేసి పంపానండి. ఈసారి కూడా కాలిందంటే షాపు మూసేస్తాను. స్పేర్ పార్టుల కొట్లో గుమాస్తాగా చేరతాను. ఒక్క మిషను బాగుచెయ్యలేనివాడికి షాపు మీద బోర్డెందుకండి?" అన్నాడు. తమాషాకు అన్న మాట కాదని మాస్టారికి అర్థమైంది.

"అది వాళ్ళ దగ్గర ఎక్కడ కూర్చుంటుంది?" అని అడిగారాయన.

"షెడ్డులో అండి."

"షెడ్డులో ఎక్కడ?"

ఏసుపాదం ఆ షెడ్డు ఎప్పుడూ చూడలేదు. మాస్టారు చెప్పులు తొడుక్కుని, "పదవయ్యా, చూసొద్దాం" అన్నారు. మీటరు గాని, స్క్రూడ్రైవరు గాని ఆయన వెంట తీసుకోలేదు. పనిముట్లు లేకుండా ఈయన ఏం చేస్తాడా అని ఏసుపాదానికి దిగులు మధ్యలోనూ ఆసక్తి పుట్టింది.

దుర్గారావు షెడ్డు ఉండి ఊరికి వెళ్ళే రోడ్డు పక్కన ఉంది. షెడ్డుకు ఆనుకునే ఇల్లు. వరండాలో అతని భార్య సత్యవేణి జాకెట్లు కుడుతోంది. దుర్గారావు ఒక మూల కడ్డీ పట్టుకుని పనిలో ఉన్నాడు. అతని పక్కన స్టూలు మీద మిషను ఉంది. దాన్ని చూసి ఏసుపాదం ఆగిపోయాడు. మిషను చొక్కా తొడుక్కుని ఉంది.

నిజంగా చొక్కాయే. కొలతలు తీసి కుట్టినట్టు ఒంటికి అతుక్కుపోయింది. ముందువైపు మీటలకు గుండ్రంగా కిటికీలు, కేబుళ్ళు బయటకు రావడానికి కాజాలు, అంచుల వెంట నీలం పైపింగు. ఏసుపాదం ఆ మిషనును ఎన్నోసార్లు విప్పి బిగించాడు గాని ఈ వేషంలో ఎప్పుడూ చూడలేదు. మాస్టారు దాని చుట్టూ ఒకసారి తిరిగి, వెనక్కి వెళ్ళి గొంతుక్కూర్చున్నారు. ఫ్యాను ఉండాల్సిన చోట గుడ్డ మరీ మందంగా ఉంది. ఆయన దాన్ని రెండు వేళ్ళతో పట్టి చూశారు.

"ఇది ఎవరు కుట్టారమ్మా?"

"నేనేనండి బాబాయిగారూ." సత్యవేణి లేచి వచ్చింది. ఆ పనితనం ఒకరి కంట పడినందుకు ఆమె ముఖం వెలిగింది. "దుమ్మే చంపేసిందని ఏసుపాదం గారు చెప్పారు గదండీ. ముందు పాత చీర గుడ్డతో కుట్టానండి. మళ్ళీ కాలింది. దుమ్ము ఎక్కడినుంచి పోతోందా అని కూర్చుని చూస్తే, వెనక ఫ్యానే లాగేస్తోందండి. అక్కడ లైనింగు వేశాను. అయినా కాలింది. ఈసారి ఈయన జీన్ ప్యాంటు కత్తిరించి వేశానండి. ఇప్పుడు పిసరంత దుమ్ము కూడా పోదు."

"మరి షాపుకు తెచ్చినప్పుడు ఇది లేదే?" అన్నాడు ఏసుపాదం.

"అప్పుడు విప్పి ఉతుకుతానండి. మీ దగ్గరకు మాసిన చొక్కాతో ఎలా పంపుతాం?"

ఏసుపాదం మిషను పైన అరచెయ్యి ఆనించి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. గుడ్డ మీదనుంచే చురుక్కుమంది. దుర్గారావు కడ్డీ కింద పెట్టి, ముఖం మీద అద్దం పైకెత్తి, బెరుకుగా మాస్టారి దగ్గరకు వచ్చాడు.

"మొదట్లో ఇది ఇలా ఉండేది కాదండి. ఈవిడ చొక్కా తొడిగిన కొత్తల్లో మాటిమాటికీ పసుపు దీపం వెలిగి ఆగిపోయేది. చొక్కా సంగతి కూడా చెబుదామని ఏసుపాదం గారి దగ్గరకు వెళ్ళానండి. నాకు తెలుసులెండి అని ఆయన చిటికెలో సరిచేసేశారు. ఆ తర్వాత ఒక్కసారి కూడా ఆగలేదండి." కాస్త ఆలోచించి, ఉన్న మాట చెప్పాలి కాబట్టి అన్నట్టు కలిపాడు. "కాలిపోవడమే గాని."

ఏసుపాదానికి అప్పుడు గుర్తొచ్చాయి, తను మెలేసిన ఆ రెండు తీగలు. సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి. కొత్త ట్రాన్సిస్టర్లు లోపల ఉడుకుతున్నాయని, ఇంకాసేపు ఇలాగే నడిస్తే ఇవీ పోతాయని, వీటితో పాటు తన షాపూ పోతుందని తెలిసి గబగబా స్విచ్చు ఆపాడు. తర్వాత కసిగా చొక్కా తాళ్ళు పట్టుకుని లాగబోయాడు. ఆ వేగానికి సత్యవేణి ఒక అడుగు వెనక్కి వేసింది. ఆమె ముఖంలో ఇందాకటి వెలుగు పోయింది. తను ఏం తప్పు చేసిందో ఆమెకు ఇంకా ఎవరూ చెప్పలేదు.

మాస్టారు శిష్యుడి చెయ్యి పట్టుకుని ఆపారు. స్టూలు పక్కకు ఇంకో స్టూలు లాక్కుని తీరిగ్గా కూర్చుని, సత్యవేణిని కూడా కూర్చోమన్నారు.

"చొక్కా మీద కోపం తర్వాత చూపిద్దువుగానిలే" అన్నారు. "ముందు ఆ వేడి బిళ్ళ మళ్ళీ తగిలించి, మిషను నోరు దానికి ఇచ్చెయ్యి. నీ షాపు సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం."