గాలికి దారి చెప్పిన అన్నదమ్ములు

చినవాకలపాలెంలో తెలివైనవాళ్ళెవరని అడిగితే సింహాద్రి, పైడయ్య, నీలయ్య ముగ్గురూ ఒక్కసారే చెయ్యెత్తుతారు. తోడబుట్టినవాళ్ళు. "మాకు చెప్పింది చెప్పినట్టు చేస్తాం. సొంతంగా ఆలోచించి చెడగొట్టం" అని వాళ్ళ గొప్ప. ఆ మాట విని ఐసు ఫ్యాక్టరీ ఓనరు ముగ్గుర్నీ రక్షణ కమిటీగా వేశాడు. ప్రశ్నలడిగేవాళ్ళని ఏ ఓనరు వేసుకుంటాడు?

ఆ ఫ్యాక్టరీలో చేపలకి ఐసు దిమ్మలు చేస్తారు. నీళ్ళు గడ్డకట్టించడానికి అమ్మోనియా గ్యాసు వాడతారు. ఆ గొట్టానికున్న వాల్వు మూడేళ్ళుగా కారుతోంది. ప్రహరీకి పడమర పక్కనే చిట్టెమ్మ ఇల్లు. అసలే ఆయాసం మనిషి. గ్యాసు వచ్చినప్పుడల్లా కళ్ళు మండి, ఊపిరాడక గుమ్మంలో కూలబడేది. అర్జీ మీద అర్జీ పెట్టింది. ఆఖరికి తనిఖీకి ఒక ఆఫీసరమ్మ వచ్చింది.

ఆవిడ ఓనరుతో, "వారంలో ఈ వాల్వు తీసేసి కొత్తది వెయ్యాలి" అంది. పనివాళ్ళంతా వింటుండగా అన్నదమ్ములతో, "వాసన వస్తే సైరన్ మోగించండి. స్తంభం మీద చొక్కా చేతిలా ఊగుతోందే, అది గాలిగుడ్డ. అది ఎటు చూపిస్తే గ్యాసు అటు పోతుంది. ఆ వైపు మాత్రం ఎవరూ పరుగెత్తకూడదు" అంది.

"అర్థమైందమ్మా" అన్నారు ముగ్గురూ. అంతే.

మర్నాడు పొద్దున్నే చిట్టెమ్మ ఎండుచేపలు వేయించింది. వాసన వచ్చింది. పైడయ్య సైరన్ మోగించాడు. నలభైమంది పనివాళ్ళు దిమ్మలు వదిలేసి పరుగో పరుగు. ఇంకో గంటకి అప్పలమ్మ జడలో సంపెంగ పెట్టుకుని పనిలోకి వచ్చింది. సైరన్. మధ్యాహ్నం ఎవరో పనసపండు కోశారు. ఇంకేముంది, మళ్ళీ సైరన్. దిమ్మలన్నీ కరిగి కాలవలో కలిశాయి.

ఓనరు మండిపడ్డాడు. "ఇంకోసారి వాసనా గీసనా అన్నారంటే మీ ఉద్యోగాలు ఊడతాయి. మీకసలు వాసనే రాకూడదు!"

"అలాగేనండీ" అని ముగ్గురూ ముక్కుల్లో దూది కూరుకున్నారు.

ఆ సాయంత్రం నీలయ్య స్తంభం వంక చూశాడు. "అన్నయ్యా, గుడ్డ చిట్టెమ్మత్త ఇంటివైపు చూపిస్తోంది. గ్యాసు అటే పోతుందని కదా ఆఫీసరమ్మ చెప్పింది?"

"అయ్యో పాపం, ఆయాసం మనిషి! కాలవవైపు తిప్పెయ్. అటు మనుషుల్లేరు" అన్నాడు సింహాద్రి.

నీలయ్య స్తంభమెక్కి గుడ్డని తూర్పుకి తిప్పాడు. అది మాట వినలేదు. ఇనుపతీగతో బిగించేశాడు. దిగి తిన్నగా చిట్టెమ్మ గుమ్మంలోకి వెళ్ళాడు. "అత్తా, నీ బాధ తీర్చేశాం. ఇక గ్యాసు నీ ఇంటికి రాదు."

"వాల్వు మార్చార్రా?" అంది చిట్టెమ్మ ఆశగా.

"వాల్వెందుకత్తా? గాలినే మార్చేశాం."

ఆరో రోజు పొద్దున ఆ వాల్వు కాస్తా ఊడింది. చిట్టెమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"ఒరే సింహాద్రీ, గ్యాసురా! సైరన్ వెయ్యి!"

"వాసన రావట్లేదత్తా."

"నీ ముక్కులో దూది ఉందిరా సన్నాసీ!"

"ఉంది. అందుకే రావట్లేదు."

చిట్టెమ్మ ఆ దూది పీకి అవతల పారేసింది. సింహాద్రి ఒక్కసారి గాలి పీల్చాడు. కళ్ళు బైర్లు కమ్మాయి. "వచ్చిందత్తా" అని సైరన్ వేశాడు.

పనివాళ్ళు బయటికొచ్చి గాలిగుడ్డ వంక చూశారు. అది తూర్పు చూపిస్తోంది. అంతే, అందరూ పడమటికి పరుగు. గ్యాసు కూడా వాళ్ళ వెనకే పడమటికి.

"ఆగండర్రా!" అని చిట్టెమ్మ గొంతు చించుకుంది. "ఆ గుడ్డని నమ్మకండి! నా పొయ్యి పొగ ఎటు పోతోందో చూడండి! దక్షిణానికి తిరగండి, ఉప్పుమళ్ళలోకి పోండి!"

నలభైమందీ తిరిగారు, బతికారు. అరిచి అరిచి చిట్టెమ్మ మాత్రం మూడు రోజులు ఆసుపత్రిలో పడుంది.

ఆఫీసరమ్మ వచ్చి గేటుకి తాళం వేసి, వాల్వు మార్చాకే తీస్తానంది. మూడేళ్ళుగా వీలుపడని పని అరగంటలో అయిపోయింది. అరగంట! దానికి ఒక మనిషి ఊపిరి పాడవ్వాల్సి వచ్చింది.

తర్వాత ఆవిడ స్తంభం వంక చూసింది. "ఆ తీగ ఎవరు కట్టారు?"

ముగ్గురూ ఒక్కసారే చెయ్యెత్తారు.

ఆవిడ తల కొట్టుకుంది. "ఆ గుడ్డ తీసేసి చిట్టెమ్మని పెట్టినా ఊరు బాగుపడేది కదయ్యా!"

"అర్థమైందమ్మా" అన్నారు.

వారం తర్వాత ఆవిడ మళ్ళీ తనిఖీకి వచ్చేసరికి స్తంభం మీద గుడ్డ లేదు. దాని చోట ఐసు దిమ్మలెత్తే కప్పీ బిగించి, తాడుతో కుర్చీ పైకి లాగి కట్టి ఉంది. కుర్చీలో చిట్టెమ్మ.

"దించండ్రా వెధవల్లారా! మీ తెలివి తెల్లారిపోనూ!"

"కాస్త ఓర్చుకో అత్తా. పైన గాలి బాగుంటుంది, నీ ఆయాసానికి మంచిది" అన్నాడు సింహాద్రి. చేతిలో తనిఖీ పుస్తకం. తూర్పున కాలవగట్టు మీద నిలబడ్డ నీలయ్య, తిట్లు వినపడట్లేదని తల అడ్డంగా ఊపాడు. పడమటి వీధి చివర్నుంచి పైడయ్య, బ్రహ్మాండంగా వినపడుతున్నాయని రెండు చేతులూ ఊపాడు.

"గాలి పడమటికి" అని రాసి, సింహాద్రి పుస్తకాన్ని సంతకం కోసం ఆఫీసరమ్మ ముందు పెట్టాడు.