పదకొండు ఖాళీ గడులు

కుళ్ళాయప్పకు గురువు ఒక పని అప్పజెప్పాడు. చిన్న పనే. అయినా మూడు రోజులుగా అతనికి అది తెమలడం లేదు.

గురువు హొన్నూరు సామి ఫకీరు. ఆయన ఉండే దర్గాలో మధ్యాహ్నం పూట అరవై మంది దాకా తింటారు. ఎక్కువమంది జబ్బు మనుషులే. ఆస్పత్రి మాత్రలు మింగుతూ, సామి మాట వింటూ నలభై దినాలు ఉండి పోతారు. ఒకరికి కారం పడదు, ఒకరికి ఉప్పు పడదు, ఒకరికి మూడు రాగిసంగటి ముద్దలైనా చాలవు. వండే కాశింబి ఇవన్నీ మనసులోనే పెట్టుకునేది. వయసు మీద పడి, ఈమధ్య ఒకరి పప్పు ఇంకొకరికి వేస్తోంది.

"ఎవరికేం పడుతుందో అడిగి రాసిపెట్టప్పా" అన్నాడు సామి.

రాయడం కుళ్ళాయప్పకు కష్టం కాదు. బెంగుళూరులో ఆరేళ్ళు కంప్యూటర్ పని చేసి వచ్చినవాడు. నల్ల తెర మీద ఒక్క వరుస కమాండ్ కొట్టి ఎంటర్ నొక్కితే చాలు, గీతలూ గడులూ వాటంతటవే పడి పట్టిక తయారైపోతుంది. పేరు, ఊరు, ఉప్పు, కారం, ముద్దలు.

అడగడమే కష్టం. ఎదుటి మనిషి ముఖం చూస్తే అతనికి మాట పెగలదు. నోరున్నవాళ్ళు వాళ్ళే చెప్పారు. చెప్పనివాళ్ళ దగ్గర ఒక నిమిషం నిలబడి, పేరు మాత్రం రాసుకుని జరిగిపోయాడు.

సుంకులమ్మ దగ్గర కూడా అంతే. ఆమె వచ్చి రెండు రోజులైంది. గోడకు ఆనుకుని, వాచిన కాళ్ళు చీర కింద దాచుకుని కూర్చునేది. ఉప్పు ముట్టుకుంటే ప్రాణానికే ముప్పని డాక్టరు ఆమెతో గట్టిగా చెప్పాడు. ఆ మాట ఆమె ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. వచ్చిన రెండు రోజులూ ఉత్త సంగటి ముద్దే నీళ్ళతో మింగింది.

పట్టిక వచ్చింది గానీ మధ్య మధ్య ఖాళీలు. కుళ్ళాయప్పకు అది కంట్లో నలుసులా అనిపించింది. కమాండ్ చివర ఇంకో మాట చేర్చాడు. గడి ఖాళీగా ఉంటే పైగడిలో ఉన్నదే కిందికి దించమని.

ఎంటర్ నొక్కాడు. పట్టిక నిండుగా వచ్చింది. కాగితం మీద అచ్చు తీసుకుని సామి దగ్గరికి పోయాడు.

"ఒక్క గడి కూడా ఖాళీ లేదు సామీ. రెప్పపాటులో అయిపోయింది."

సామి కాగితం తీసుకుని కింది దాకా చూశాడు. ఆయన పేరు అట్టడుగున ఉంది. అక్కడ కాసేపు ఆగి, కాగితం తిరిగి ఇచ్చాడు.

"ఈ పొద్దు నువ్వే చదువు. కాశింబీ, వాడు చదివింది చదివినట్టే వడ్డించల్ల. నువ్వు ఏమీ మార్చొద్దు."

"నాకేం సామీ, తలకాయ నొప్పి తప్పె" అంది కాశింబి.

అందరూ బంతి కూర్చున్నారు. సామి మొదటి కడి నోట్లో పెట్టుకునే దాకా అక్కడ ఎవరూ కంచంలో చెయ్యి పెట్టరు. కుళ్ళాయప్ప ఒక్కో పేరూ చదువుతున్నాడు, కాశింబి వడ్డిస్తోంది. సుంకులమ్మ పేరు వచ్చింది. ఉప్పు మామూలు. ఉప్పేసిన పప్పు ఆమె ముద్ద మీద పోసింది కాశింబి. చదివింది ఆమెకు సరిగా వినపడలేదు. కాగితం చూసి పెడుతున్నారు, ఆస్పత్రి చీటీ చూసే రాసుంటారు, ఇది తన కోసం వేరేగా వండిందే కాబోలు అనుకుంది సుంకులమ్మ.

చివరికి బావులు తవ్వే గంగన్న. ముద్దలు మూడు, కారం బాగా.

"నాలుగైనా రాయకపోతివి" అన్నాడు గంగన్న. బంతిలో నవ్వారు.

ఆ కింద సామి పేరు. కుళ్ళాయప్ప చదవడం ఆపాడు.

"చదువప్పా."

"హొన్నూరు సామి. ముద్దలు... మూడు. కారం బాగా."

కాశింబి గరిటె ఎత్తి అట్లే నిలబడింది. సామి కడుపులో పుండు ఉన్న మనిషి. పదేళ్ళుగా అర ముద్ద, ఇంత మజ్జిగ తప్ప తినడు.

"ఏందిరా ఇది?" అంది కాశింబి.

"చదివింది చదివినట్టే అంటి కదమ్మా" అన్నాడు సామి.

మూడు ముద్దలు పడ్డాయి. ఎర్రటి కారం పడింది. సామి కడి విరిచి, కారంలో అద్ది, నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంకో కడి విరిచాడు.

కుళ్ళాయప్ప ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు సామీ. మీకు పడదు."

"పడుతుందని నువ్వే రాసినావు గదా."

"నేను రాయలేదు. మిమ్మల్ని అడగనే లేదు. గంగన్నది కిందికి దిగింది."

సామి చెయ్యి విడిపించుకోలేదు. బంతి పొడుగునా ఒకసారి చూశాడంతే. సామి తిన్నాడు కాబట్టి అందరి చేతులూ కంచాల్లోకి పోతున్నాయి.

కుళ్ళాయప్ప కాగితం వంక చూసుకున్నాడు. తను అడగనివాళ్ళు ఎవరెవరో అతనికి గుర్తుంది. "ఆగండి" అని అరుస్తూ పరిగెత్తాడు. బంతిలో చేతులు ఆగాయి. సుంకులమ్మ చేతిలో కడి ఉంది. ఆమె ముందు కూలబడి కంచం పక్కకు లాగాడు.

"అమ్మా, తినొద్దు. నిన్ను నేను అడగలేదు. నీకేం పడదు?"

ఆమె తల వంచుకుంది. అతను లేవలేదు. ముఖం చూస్తూ అట్లే కూర్చున్నాడు.

"ఉప్పు" అంది చాలాసేపటికి. "ధర్మానికి పెట్టే కూడు. నాకని వేరే వండమని ఎట్లా అడిగేది నాయనా."

కాశింబి ఉప్పులేని పప్పు తెచ్చి, ఆమె పక్కనే కూర్చుని తానే కలిపి ఇచ్చింది.

సాయంత్రం కుళ్ళాయప్ప కమాండ్ చివరి మాట తీసేసి మళ్ళీ అచ్చు తీశాడు. కాగితం తెచ్చి సామి ముందు పెట్టాడు.

"పదకొండు మందివి ఖాళీగా ఉన్నాయి సామీ. సుంకులమ్మది ఇప్పుడే నింపినా. తొమ్మిది మందిని పోయి అడుగుతా." పెన్సిల్ తీసి కిందికి వంగాడు. "ముందు మీది చెప్పండి, రాసుకుంటా."

సామి మజ్జిగ గ్లాసు కింద పెట్టి, ఆ పెన్సిల్‌ను మెల్లగా పక్కకు జరిపాడు.

"నాది అట్లే ఉండనీప్పా. రోజూ వచ్చి అడుగుదువు గానీ."