జున్ను పత్యం

అనగనగా అడవి అంచున, ఇప్పచెట్ల నీడలో ఒక పాక ఉండేది. అందులో శేషమ్మ అనే పెద్దావిడ కాపురం. దీపం పెట్టందే మంచినీళ్లయినా ముట్టేది కాదు. ఆమెకు అయినవాళ్లంటే ఇద్దరే. ఒకటి చుక్క అనే మేక, రెండోది జున్ను అనే తెల్ల కుందేలు. ఆ రోజుల్లో జంతువులు కూడా మనలాగే మాట్లాడేవి, పిల్లలూ.

జున్ను కళ్లు తెరవకముందే తల్లి పోయింది. శేషమ్మ దూదితో పాలు పట్టి, ఒళ్లో పెట్టుకుని పెంచింది.

ఒకనాడు ఊళ్లోంచి పశువుల డాక్టరమ్మ వచ్చి జున్ను పొట్ట తడిమి చూసింది.

"అమ్మా, ఆడ కుందేళ్లకు వయసు పైబడితే గర్భసంచిలో గడ్డలు లేస్తాయి. ముందే ఆపరేషన్ చేసి తీసేస్తే నాలుగు కాలాలు సుఖంగా ఉంటుంది," అంది.

కోత మాట వింటేనే శేషమ్మకు భయం. అయినా జున్ను బతకాలి కదా అని ఒప్పుకుంది.

ఆపరేషన్ నాటి పొద్దున శేషమ్మ జున్ను ముందున్న గడ్డి తీసేసింది.

"ఎందుకమ్మా?" అంది జున్ను.

"కత్తి పడేముందు కడుపు ఖాళీగా ఉండాలే తల్లీ."

చుక్క పకపకా నవ్వింది. "నీ ఏకాదశులు నీకు చాలక దానికి కూడా అంటగట్టావా అత్తా!"

శేషమ్మ జున్నును గంపలో పెట్టుకుని ఊళ్లో ఆసుపత్రికి తీసుకెళ్లింది. గంపలో గడ్డి పరకైనా లేకపోవడం చూసి డాక్టరమ్మ కంగారుపడింది. "పస్తు మనుషులకమ్మా. కుందేలుకు వాంతి రాదు, దానికి పస్తు అక్కర్లేదు. దాని పేగులు తిరగలి లాంటివి. ఆగితే మళ్లీ తిరగవు. ఇంటికి తీసుకెళ్లాక కూడా గడ్డి ముందే ఉంచండి. ముట్టకపోతే వెంటనే నా దగ్గరకు తీసుకురండి," అని తనే గడ్డి తినిపించి, అప్పుడు లోపలికి తీసుకెళ్లింది.

శేషమ్మ తలూపింది.

ఆపరేషన్ చక్కగా జరిగింది. శేషమ్మ జున్నును ఇంటికి తెచ్చి, ఉతికిన పాత చీర నాలుగు మడతలు వేసి పడుకోబెట్టింది. గాలి తగలకుండా తడిక అడ్డం పెట్టింది. నొప్పి మందు చుక్కలు వేసింది. నుదుట విభూతి పెట్టి, కుట్లు నాకకుండా పక్కనే కూర్చుంది.

గడ్డి మాత్రం పెట్టలేదు.

వాళ్లింట్లో ఏ ఆడదానికి పురుడొచ్చినా, కోత పడినా పత్యమే. పచ్చి ఆకు తగిలితే పుండు చీము పడుతుందని వాళ్లమ్మ చెప్పేది. లంఖణం పరమౌషధం అనేది. ఆ మాట మీదే ఆ ఇంట్లో ఎందరో లేచి తిరిగారు. 'డాక్టరమ్మ నిన్నగాక మొన్నటి పిల్ల. మా అమ్మ ఎన్ని పురుళ్లు చూసిందో!' అనుకుంది శేషమ్మ.

మెలకువ రాగానే జున్ను, "అమ్మా, ఆకలి. ఒక్క గరిక పరక పెట్టవూ?" అంది.

"ఓర్చుకో బంగారూ. పుండు మానాలి," అంది శేషమ్మ.

రాత్రికి జున్ను మళ్లీ అడిగింది. ఈసారి గొంతు సన్నగా ఉంది. "అమ్మా, పొట్ట బిగుసుకుపోతోంది."

"ఇంకొంచెం సేపే తల్లీ," అని శేషమ్మ కళ్లొత్తుకుంది. ఆమె కూడా ఏమీ తినలేదు.

మర్నాడు జున్ను మూడోసారి అడగలేదు. శేషమ్మే వంగి, "ఆకలేస్తోందా?" అంది.

"లేదమ్మా. పోయింది."

శేషమ్మ ముఖం విప్పారింది. "చూశావటే చుక్కా! పత్యం పనిచేసింది. ఎంత నెమ్మదిగా పడుకుందో!"

చుక్క దగ్గరకొచ్చి వాసన చూసింది. ఈసారి నవ్వలేదు. "నెమ్మది కాదత్తా. చీర మీద ఒక్క పెంటికైనా లేదు, చూడు. ఆకలి చచ్చిపోయిన కుందేలు నెమ్మదిగా ఉండదు. పోతూ ఉంటుంది."

శేషమ్మ పరుగున వెళ్లి లేత గరిక కోసుకొచ్చి నోటికి అందించింది. "తినవే! నా తల్లివి కదూ, తినవే!"

జున్ను మూతి పక్కకు తిప్పుకుంది. "వద్దమ్మా. నువ్వు పెట్టనన్నప్పుడు కావాలనిపించింది. ఇప్పుడు చేత కావట్లేదు."

శేషమ్మ దాన్ని కొంగులో చుట్టుకుని డాక్టరమ్మ దగ్గరకు పరుగెత్తింది. డాక్టరమ్మ సూది వేసింది. వెచ్చని గుడ్డ కప్పి పొట్ట నిమిరింది. గడ్డి రసం గొంతులో పోయబోతే పెదవుల పక్కనుంచి కారిపోయింది. శేషమ్మ వేలు పట్టుకునే జున్ను కన్ను మూసింది.

డాక్టరమ్మ గుడ్డ తొలగించి కుట్లు చూసింది. తరువాత మెల్లగా అంది: "కుట్లు చూడండమ్మా. ఎంత బాగా మానుతున్నాయో."

"తిట్టమ్మా నన్ను," అంది శేషమ్మ.

డాక్టరమ్మ జున్నును మళ్లీ గుడ్డలో చుట్టి ఆమె చేతుల్లో పెట్టింది.

జున్నును మట్టిలో పెట్టి వచ్చి, శేషమ్మ దేవుడి గూటి ముందు కూలబడింది. "ఇన్నేళ్లు నిన్నే నమ్ముకున్నాను కదయ్యా. ఒక్క మాట చెప్పకపోతివా!" అని గుండెలు బాదుకుంది.

గుమ్మంలో నిలబడ్డ చుక్క అంది: "చెప్పాడుగా అత్తా. డాక్టరమ్మ నోట చెప్పించాడు. నా నోట చెప్పించాడు. చివరికి జున్ను నోటే చెప్పించాడు."

శేషమ్మ లేచి, జున్ను తినని గరిక తెచ్చి గూటి ముందు పెట్టింది.

నీతి: ఒకరికి మందైన పత్యం ఇంకొకరికి ప్రాణగండం. ప్రేమతో చేశామన్నంత మాత్రాన తప్పు ఒప్పైపోదు. మనం సాకే ప్రాణి ఆకలని చెప్పినప్పుడే వినాలి.